రాజీనామా చేసిన బిషప్ గారు

జూన్ నెలాఖరు వస్తే మా కథోలిక వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరుగుతుంది. పొడుగు గడ్డంతో ఒక ఫ్రెంచి బిషప్ గారి బొమ్మ, వెనకాల ఆఫ్రికా పటం, కింద రెండు ముక్కలు: ఆఫ్రికా మిషన్ల సభ స్థాపకులు, అక్కడ కాలుపెట్టిన ఆరు వారాలకే ప్రాణాలర్పించారు అని. పేరు మెల్షియోర్ ద మారియన్ బ్రెజియాక్. ఈసారి కూడా వచ్చింది. కింద వరసగా ఆమెన్‌లు, దండం పెట్టే చేతులు. ఒకావిడ మాత్రం "ఈయన కోయంబత్తూరు బిషప్ కదా, అక్కణ్ణించి ఎందుకు వెళ్ళిపోయారు?" అని అడిగింది. ఎవరూ జవాబివ్వలేదు. ఆ తర్వాతి మెసేజ్ ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు.

ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న అని నాకనిపిస్తుంది. బ్రెజియాక్ గారి కథ చెప్పేవాళ్ళందరూ ఆయన చావు దగ్గర ఆగి కన్నీళ్ళు పెట్టుకుంటారు. భారతదేశంలో గడిపిన పన్నెండేళ్ళని మాత్రం ఆఫ్రికాకి ముందు రిహార్సల్ అన్నట్టు ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా లెక్కలో ఆయన చేసిన అతి కష్టమైన పని కోయంబత్తూరులో బిషప్ పదవి వదులుకోవడం. ఆఫ్రికాకి మిషనరీలని పంపే ఆ సభని స్థాపించడం కూడా ఆ రాజీనామా కడుపులోంచి పుట్టిందే. ఇలా అంటే నొచ్చుకునేవాళ్ళు ఉంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పోస్టర్‌లో పట్టని పన్నెండేళ్ళు

1813లో దక్షిణ ఫ్రాన్స్‌లోని కాస్తెల్నోదరీలో పుట్టారు. 1838లో గురువయ్యారు, అంటే ఫాదర్ అయ్యారు, కొన్నాళ్ళు సొంత ఊళ్ళోనే పనిచేశారు. మిషన్లకి వెళ్తానంటే తండ్రికి ఇష్టం లేదు, బిషప్ గారికీ వదలబుద్ధి కాలేదు. అయినా 1841లో పారిస్ విదేశీ మిషన్ల సభలో చేరి, మరుసటి ఏడాది పుదుచ్చేరిలో దిగారు. ఇంతవరకూ ఆ కాలపు ఫ్రెంచి మిషనరీలందరి కథా ఇంచుమించు ఇదే.

తేడా ఎక్కడంటే, ఇక్కడికి రాకముందే ఆయన తపస్సులో కూర్చుని కొన్ని తీర్మానాలు రాసుకున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా పెట్టుకున్నది స్థానిక గురువుల్ని తయారుచేయడం. తన బలమూ తన తెలివీ అంతా దానికే ఖర్చుపెడతానని రాసుకున్నారు. ఇది మనకిప్పుడు మామూలు మాటలా అనిపిస్తుంది. ప్రతి విచారణలోనూ (పారిష్‌లోనూ) మనవాళ్ళే గురువులు, ప్రతి మేత్రాసనానికీ (బిషప్ కింది ప్రాంతానికీ) మనవాళ్ళే పీఠాధిపతులు. 1840లలో అలా కాదు. స్థానికుడు గురువైతే మహా అయితే తెల్ల ఫాదర్ గారికి సహాయకుడు. వాళ్ళ చేతికి మిషన్ అప్పజెప్పడమనేది చాలామంది మిషనరీలకి ఇంకో వందేళ్ళకి చూసుకోవాల్సిన విషయం.

1844లో పుదుచ్చేరి బిషప్ బొన్నాన్ గారు ఒక మహాసభ పిలిచారు. స్థానిక గురువుల తయారీ మీద గట్టిగా చర్చ జరిగింది. ఆ సభ నుంచి ల్యూకే అనే ఫాదర్ రోముకి వెళ్ళి వాదించడం, 1845లో రోము నుంచి స్థానిక గురువుల్ని తయారుచేయండి, బిషప్పులయ్యే స్థాయికి తీసుకురండి అని ఒక ఆదేశం వెలువడడం చకచకా జరిగాయి. పుదుచ్చేరి సెమినరీ, అంటే గురువుల్ని తయారుచేసే బడి, బాధ్యత చూసిన బ్రెజియాక్ గారికి ఇది పండుగే అయ్యుండాలి. కాగితం మీద గెలిచేశారు.

మరుసటి ఏడాది అక్టోబరు 4న కోయంబత్తూరు దగ్గర కరుమత్తంపట్టిలో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. వయసు 32.

కాగితానికీ నేలకీ మధ్య ఎంత దూరమో ఆ తర్వాత అర్థమైంది. సొంత సహచరుల్లోనే చాలామందికి ఆయన ఆలోచన నచ్చలేదు. స్థానిక సెమినరీకి డబ్బూ మనుషులూ సమయమూ ఇంతగా ఎందుకన్నారు. బిషప్ ఒకటి నమ్మి, ఆ నమ్మకాన్ని అమలు చేయాల్సినవాళ్ళు నమ్మకపోతే ఏమవుతుందో ఏ ఆఫీసులో పనిచేసినవాళ్ళకైనా తెలుసు. ఎదురు చెప్పరు, పని సాగదు.

ప్రమాణం చేసి ఏం చేస్తున్నాం?

దీనికన్నా ఆయన్ని లోపల్నించి తినేసిన విషయం వేరే ఉంది. మలబారు ఆచారాలు.

క్రైస్తవులయ్యాక కూడా ఇక్కడివాళ్ళు పాటిస్తూ వచ్చిన, మిషనరీలు చూసీచూడనట్టు వదిలేసిన స్థానిక, కుల అలవాట్లకి ఆ పేరు. పేరులో మలబారు ఉన్నా గొడవంతా తమిళ, కర్ణాటక ప్రాంతాల మిషన్లది. రోము ప్రతినిధిగా వచ్చిన తూర్నోన్ (కార్డినల్ అయింది ఆ తర్వాత) 1704లో పుదుచ్చేరిలో ఒక నిషేధాల జాబితా ప్రకటించారు. జ్ఞానస్నానంలో ఉమ్ము తాకించడం ఇక్కడివాళ్ళు అసహ్యించుకుంటారని వదిలేయకూడదు, పెళ్ళిలో కొబ్బరికాయ కొట్టకూడదు, నెలసరిలో ఉన్న ఆడవాళ్ళని గుడికి రావద్దనకూడదు. ఇలా సాగుతుంది. వీటి మధ్యలో ఒకటి నిప్పులాంటిది: అంటరానివాళ్ళుగా చూసిన పరయరు కులపు రోగి చావుబతుకుల్లో ఉంటే గురువు అతని ఇంట్లోకి వెళ్ళి చివరి అభ్యంగనం (నూనె రాసి చేసే ప్రార్థన) ఇవ్వాలి. అంటే అప్పటిదాకా వెళ్ళడం లేదన్నమాట. రోగినే మోసుకుని బయటికి, గుడి దాకా తెచ్చేవాళ్ళు. పై కులాలవాళ్ళు తమ గురువు 'మైలపడితే' ఊరుకోరని భయం.

1744లో పోపు 14వ బెనెడిక్టు ఈ నిషేధాలని ఖరారు చేశారు. వాటిని పాటిస్తానని ప్రతి మిషనరీ ప్రమాణం చేయాలి. అదే ఆజ్ఞాపత్రంలో, పరయరుల కోసం వేరే మిషనరీలని పెడతామని జెస్విట్ సభ గురువులు ముందుకొస్తే దానికీ సరేనన్నారు. అంటే అటు వాళ్ళకి వేరే ఫాదర్లు, ఇటు వీళ్ళకి వేరే ఫాదర్లు. నిషేధమూ ఉంది, దాన్ని దాటే సందూ ఉంది. ఆ మరుసటి ఏడాదే, 1745లో, పుదుచ్చేరి గుడిలో పరయరులని వేరుచేసే గోడ మీద రేగిన గొడవ అక్కడ ఫ్రెంచివాళ్ళ దగ్గర పనిచేసిన ఆనందరంగ పిళ్ళై డైరీలో నమోదై ఉంది. కాబట్టి నిషేధం వల్ల గోడలేం కూలిపోలేదు.

ఇంకో వందేళ్ళకి బ్రెజియాక్ గారు వచ్చేసరికి పరిస్థితి ఏమిటంటే, మిషనరీలందరూ ప్రమాణం చేస్తారు, ఆ తర్వాత కులం విషయంలో ఎవరికి తోచినట్టు వాళ్ళు సర్దుకుంటారు. ఏది మత ఆచారం, ఏది ఉత్త సాంఘిక అలవాటు, ఎంతవరకు ఓర్చుకోవచ్చు, ఎక్కడ ప్రమాణం తప్పినట్టు అన్నది అందరికీ తెలిసీ తెలియనట్టే ఉండేది. చాలామందికి దీంతో ఇబ్బంది లేదు. ఈయనకి నిద్రపట్టలేదు. మేం చేస్తున్నది తప్పా ఒప్పా, తేల్చి చెప్పండి అని రోముకి రాశారు. తేలలేదు.

రోమునీ పూర్తిగా తిట్టలేను. తేల్చి చెబితే ఏమవుతుందో వాళ్ళకీ తెలుసు. కఠినంగా చెబితే పై కులాల క్రైస్తవులు గుడులు వదిలిపోతారు. మెత్తగా చెబితే వందేళ్ళనాటి పోపు ఆజ్ఞని వెనక్కి తీసుకున్నట్టవుతుంది. కాబట్టి మౌనం.

ఇలాంటి మౌనాన్ని నేను దగ్గర్నుంచి చూశాను. మా బంధువుల ఊళ్ళో గుడి పండుగ, తేరు ఊరేగింపు. తేరు పెద్ద వీధిలో తిరిగి వెనక్కి వచ్చెయ్యాలా, కింద వీధి చివరిదాకా వెళ్ళాలా అని గొడవ. కింద వీధివాళ్ళు చందా సమానంగా ఇచ్చారు, పాటల బృందంలో సగం వాళ్ళ పిల్లలే. పెద్దలు "ఆ వీధి ఇరుకండీ, తేరు తిరగదు" అంటారు. ఆ వీధిలోకి ట్రాక్టరు రోజూ వెళ్ళొస్తుంది. విచారణ గురువులు మంచాయనే, చెడ్డవాడు కాదు, ఇద్దరి ఇళ్ళల్లోనూ అన్నం తింటాడు. ఆయన అన్నది ఒక్కటే మాట: "ముందు పండుగ కానివ్వండి, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం." పండుగ అయింది. ఎవరూ కూర్చోలేదు. మళ్ళీ పండుగ వచ్చేసరికి ఆ ఫాదర్ గారికి బదిలీ.

బ్రెజియాక్ గారి సమస్యంతా ఈ 'తర్వాత'తోనే. తర్వాత అనేది రాదని ఆయనకి అర్థమైపోయింది. తేల్చకపోతే ఈ కుర్చీలో కూర్చోలేనన్నారు. 1855లో రోము రాజీనామా అంగీకరించింది. వయసు 41, ఆరోగ్యం బాగానే ఉంది, ఏ కుంభకోణమూ లేదు. అలా వదిలేసిన బిషప్పులని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆయన్ని మరీ ఎత్తేయొద్దు

ఈ కథ ఎక్కడ చెప్పినా ఒక ప్రమాదం ఉంది. కులానికి ఎదురు తిరిగి పదవి వదిలిన వీరుడు అని ఇంకో పోస్టర్ తయారవుతుంది. అది అబద్ధం. ఆయన కులనిర్మూలన కోసం పోరాడలేదు. ఆయన్ని బాధించింది తను చేసిన ప్రమాణానికీ తన కళ్ళ ముందు నడుస్తున్నదానికీ పొంతన లేకపోవడం. గోడకి అవతల కూర్చున్న మనిషి అవమానం కన్నా, గోడకి ఇవతల పూజ చేస్తున్న తన అంతరాత్మే ఆయనకి ఎక్కువ బరువైంది. ఇది చదివినప్పుడల్లా నాకు కాస్త చిరాకేస్తుంది. రోగిని గుడి దాకా మోయాల్సిన కుటుంబానికి బిషప్ గారి నిద్రలేమితో పనేముంది?

కానీ ఇంకోవైపు నుంచి చూస్తే, ఆ సందు ఉందని ఒప్పుకున్నవాళ్ళే తక్కువ. ఇది సరిపోవడం లేదు అని రాతపూర్వకంగా, తన పేరుతో, పదవిని పణంగా పెట్టి చెప్పిన మనిషి ఒకడున్నాడంటే అది చిన్న విషయం కాదు. ఆయన వెళ్ళిపోయాక కూడా వ్యవహారం అలాగే నడిచింది. 1870లలో తిరునెల్వేలి వైపు వడక్కన్‌కుళంలో ఏకంగా గుడినే రెండు కాళ్ళ ప్యాంటు ఆకారంలో కట్టారు, ఒక కాలులో ఒక కులం, ఇంకో కాలులో ఇంకొకరు, ఇద్దరికీ కనిపించేలా మధ్యలో పీఠం. 1910 దాకా ఆ అడ్డుగోడలు ఉన్నాయి. తిరుచ్చి మేలపుదూరు సమాధుల దొడ్డిలో కులాలని వేరుచేసే గోడ గురించి మన కాలపు పత్రికల్లో కూడా ఎన్నోసార్లు వచ్చింది. మిషనరీల ప్రమాణాన్ని రోము 1940లో ఎత్తేసింది. బ్రెజియాక్ గారి రాజీనామాకీ దానికీ మధ్య 85 ఏళ్ళు.

స్థానిక గురువుల సంగతీ అంతే. లాటిన్ సంప్రదాయంలో, అంటే రోము పద్ధతిలో పూజ చేసే మా శాఖలో, ఈ కాలంలో మొదటి భారతీయ బిషప్ 1923లో తూత్తుకుడికి వచ్చిన టిబూర్షియస్ రోచ్ గారు. 1845 ఆదేశం నుంచి లెక్కేసుకోండి. దళిత కుటుంబంలో పుట్టిన మనిషి కార్డినల్ కావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది, ఆ మనిషి మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు. ఆ రోజు మావాళ్ళు టపాసులు కాల్చారు, నేనూ సంతోషించాను, కానీ ఆ సంతోషం లోపల ఎక్కడో ఈ లెక్కలు కూడా తిరిగాయి.

స్థాపకుడు ఒక్కడేనా

రాజీనామా తర్వాత ఆయన రోములోనే, ఇంతవరకు ఎవరూ పట్టించుకోని చోటికి నన్ను పంపండి, పశ్చిమ ఆఫ్రికాలో దాహోమే రాజ్యానికి వెళ్తాను అన్నారు. మిషన్లు చూసే ప్రొపగాండా కార్యాలయం వాళ్ళు చెప్పిన జవాబు నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన చోటు. ఒక్కడివే వెళ్తే నీతోనే అయిపోతుంది, ముందు ఒక సభ పెట్టు అన్నారు. కోయంబత్తూరు విషయంలో నోరు విప్పని రోము ఇక్కడ మాత్రం చాలా తెలివైన మాట చెప్పింది. ఆ షరతు లేకపోతే ఈయన దాహోమే ఒడ్డున ఒంటరిగా చనిపోయి చరిత్రలో ఫుట్‌నోట్‌గా కూడా మిగిలేవారు కాదు.

సరే అని పదవి వదిలిన ఆ బిషప్ ఫ్రాన్స్ అంతా తిరిగారు, గుడుల్లో ప్రసంగాలు చేసి డబ్బులడుగుతూ, కుర్రవాళ్ళని వెతుకుతూ. 1856 డిసెంబరు 8న లియోన్‌లో ఫుర్వియేర్ కొండ మీద మరియమాత గుడిలో కొద్దిమంది సహచరులతో సభ మొదలైంది. వాళ్ళలో ఒకరు ఒగస్తిన్ ప్లాంక్, ఉత్తర ఫ్రాన్స్ సెమినరీలో పాఠాలు చెప్పుకునే ముప్ఫై ఏళ్ళ ఫాదర్.

దాహోమే మరీ ప్రమాదమని రోము వాళ్ళకి సియెర్రా లియోన్ ఇచ్చింది. అక్కడ ఇంగ్లీషువాళ్ళ పాలన, రేవు, యూరోపియన్లు ఉన్నారు, కాస్త భద్రం అని. ఆ తీరానికే తెల్లవాళ్ళ సమాధి అని పేరు.

1859 మే 14న బ్రెజియాక్ గారు, ఫాదర్ రియోక్రే, బ్రదర్ గ్రేషియన్ ఫ్రీటౌన్ చేరారు. ముందే వెళ్ళినవాళ్ళలో ఫాదర్ రేమొన్, ఫాదర్ బ్రెసోన్ అక్కడున్నారు. ఊళ్ళో ఎల్లో ఫీవర్. దిగొద్దని ఓడ కెప్టెన్ చెప్పాడంటారు. దిగారు. జూన్ 2న రియోక్రే, 5న బ్రెసోన్, 13న గ్రేషియన్, 25న బిషప్ గారు, 28న రేమొన్ పోయారు. అయిదుగురు.

పోస్టర్‌లో ఒక్కరి బొమ్మే ఉంటుంది. ఆ కుర్రవాళ్ళకి కూడా తల్లులున్నారు. దిగడం సరైన నిర్ణయమేనా అని నేను అడిగితే మా ఫ్రెండ్ ఒకడు "తన మనుషులు ఊళ్ళో ఉండగా బిషప్ ఓడలో కూర్చుంటాడా?" అన్నాడు. నిజమే. అయినా ఆ ఓడ మీదే ఉన్న మిగతా ఇద్దర్నీ ఆపొచ్చు కదా అని నా మనసు పీకుతూనే ఉంటుంది. కోయంబత్తూరులో అంత ఆగి ఆగి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, తూకం వేసి నిర్ణయం తీసుకున్న మనిషే ఇక్కడ ఆగలేదు. బహుశా అక్కడ ఆగి ఆగి విసిగిపోవడం వల్లేనేమో. ఇది నా ఊహ మాత్రమే.

ఇక లియోన్‌లో ప్లాంక్. స్థాపకుడు పోయాడు, వెళ్ళినవాళ్ళు పోయారు, సభ పుట్టి మూడేళ్ళు కూడా నిండలేదు. ఇంటికి తాళం వేసి మళ్ళీ పాఠాలు చెప్పుకోవడానికి వెళ్ళిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన ఉండిపోయారు. 1861లో ఇటలీవాడైన బోర్గెరో గారిని దాహోమేలోని విదా రేవుకి పంపారు, అంటే బ్రెజియాక్ గారు మొదట అడిగిన చోటికే. 1876లో అపొస్తలుల మాత పేరుతో సిస్టర్ల సభ పెట్టారు. 1907లో చనిపోయేదాకా, దాదాపు 48 ఏళ్ళు, ఉత్తరాలు రాస్తూ, లెక్కలు చూస్తూ, చనిపోయిన మిషనరీల ఇళ్ళకి కబుర్లు పంపుతూ నడిపారు. స్థాపకులెవరు అంటే బ్రెజియాక్ అని చెప్పడం తప్పు కాదు, కానీ సగం జవాబు. మొదలుపెట్టినవాడికి ఫొటో, నిలబెట్టినవాడికి గుమాస్తా ఉద్యోగం. మన సభల చరిత్రలన్నిటిలోనూ ఇదే వరస.

వెళ్ళినవాళ్ళూ ఉన్నవాళ్ళూ

ఇక్కడ నా వాదన నాకే అడ్డం తిరుగుతుంది. ప్లాంక్ ఉండిపోయాడని మెచ్చుకుంటూ, బ్రెజియాక్ వెళ్ళిపోయాడని ఎలా మెచ్చుకుంటాను? పుదుచ్చేరి బొన్నాన్ గారికి కూడా ఇవే చిక్కులు. 1844 సభ పిలిచిందే ఆయన. ఆయన రాజీనామా చేయలేదు. నలిగిపోతూనే పనిచేశారు, చివరికి రోము తరఫున దేశంలోని మిషన్లన్నీ చూసి రమ్మంటే ఆ తిరుగుడులోనే 1861లో కాశీలో పోయారు. ఆయన తయారుచేసిన స్థానిక గురువులు మిగిలారు. బ్రెజియాక్ గారు వదిలేసి వెళ్ళాక కోయంబత్తూరు సెమినరీ కుర్రవాళ్ళ వైపు మాట్లాడే బిషప్ పోయాడు. నమ్మేవాడు వెళ్ళిపోతే చోటు నమ్మనివాళ్ళకే మిగులుతుంది.

ఈ మాట ఇంకా గట్టిగా చెప్పింది నాకు తెలిసిన ఒక ఫాదర్ గారు. ఆయనది తేరు వెళ్ళని వీధి లాంటి వీధే. నేను ఈ వ్యాసం సంగతి చెప్పి రాజీనామా గొప్పదనం గురించి ఉత్సాహంగా మాట్లాడుతుంటే, విని విని, "రాజీనామా ఇచ్చి ఆయన రోముకెళ్ళాడు. నేనిస్తే ఎక్కడికెళ్ళాలి?" అన్నారు. కోపంగా కూడా అనలేదు, టీ కలుపుతూ అన్నారు.

దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఫ్రెంచి పెద్దింటి బిడ్డ, బిషప్, వెనక్కి వెళ్తే ఆదరించే దేశం ఉన్నవాడు. మనసు చంపుకోలేక వదిలెయ్యడం కూడా అందరికీ అందే వస్తువు కాదు. ఇది ఒప్పుకుంటాను. అయినా నా అభిప్రాయం పూర్తిగా మార్చుకోను. వెళ్ళడానికి వీల్లేనివాళ్ళు ఉన్నారు కాబట్టే, వీలున్నవాడు ఆ వీలుని ఏం చేశాడన్నది నాకు ముఖ్యం. ఆయనకి ఆ వీలుతో పాటు కుర్చీ, గౌరవం, చేతికి ఉంగరం కూడా ఉన్నాయి, ఏమీ అనకుండా ఇంకో ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉండొచ్చు. చాలామంది ఉన్నారు కూడా.

2020 మేలో పోపు ఫ్రాన్సిస్ గారు బ్రెజియాక్ వీరోచిత సద్గుణాలని గుర్తించారు, పునీతుడయ్యే దారిలో అదొక మెట్టు. ఇక ధన్యుడు అనిపించుకోవడానికి ఒక అద్భుతం కావాలి, ఎవరికో జబ్బు నయమవ్వాలి, డాక్టర్లు చూడాలి, అది వాళ్ళ పద్ధతి. ఫాదర్ గారికి ఆ సంగతి కూడా చెప్పాను. "కానివ్వండి, మంచిదే" అని, "ఆయన రోముకి రాసిన ఉత్తరాలు సెమినరీలో పాఠంగా పెడతారేమో కనుక్కోండి ముందు" అన్నారు.